మునిరత్నం నేర్పిన మూడు జవాబులు

ముందు మునిరత్నం గొంతు సంగతి చెప్పాలి. సత్యవేడు వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరి కోర్టులో అతను అటెండరు. ఊరి పేరెందుకులెండి, చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆ కోర్టు వరండాలో నిలబడి ముద్దాయిల పేర్లు మూడేసిసార్లు పిలవడం అతని పని. ఆ పిలుపు గేటు దాటాలి, రోడ్డు దాటాలి, అవతల బస్టాపు పక్కన టీకొట్లో గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడి చెవిన పడాలి. పడేది కూడాను. ఒకసారి మైకు పెట్టిస్తామని పైనుంచి కాగితం వస్తే, మునిరత్నం ఉండగా మైకెందుకని బెంచి క్లర్కు దాన్ని పక్కన పడేశాడట. ఈ మాట మునిరత్నమే చెప్పుకుంటాడు కాబట్టి సగం తీసేసి నమ్మండి.

పేర్లు పిలిచినందుకు జీతం ఇచ్చేవారు. జీతం లేకుండా చేసే పని ఇంకొకటి ఉండేది. కోర్టు మొహం మొదటిసారి చూసేవాళ్ళు పొద్దున పదింటికే వచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడతారు. చెప్పులు బయట విడవాలా వద్దా అన్నది కూడా వాళ్ళకు తెలియదు. పేకాటలో దొరికినవాడు, తాగి బండి నడిపినవాడు, పొలం గట్టు దగ్గర దాయాదిని కొట్టినవాడు, అందరూ ఆ గోడ దగ్గర ఒక్కలాగే ఉంటారు. మునిరత్నం వాళ్ళ పక్కకు చేరి, పేర్లు పిలిచే ఆ గొంతేనా ఇది అనిపించేంత మెల్లగా మాట్లాడేవాడు.

లోపల జడ్జిగారు మొదట నీ మీద మోపిన నేరం చదివి వినిపిస్తారు, ఒప్పుకుంటావా అని అడుగుతారు, ఒప్పుకుంటానను అనేవాడు. అక్కడితో వదిలేవాడు కాదు. చాలామంది రెండో ప్రశ్న దగ్గర తడబడతారని అతని అనుభవం. ఎవరైనా బెదిరించి చెప్పిస్తున్నారా, నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా అని జడ్జి తప్పకుండా అడుగుతారు. అప్పుడు బిక్కమొహం వేసుకుని పోలీసు వైపు చూస్తే వ్యవహారం మొదటికొస్తుంది. అందుకని నా ఇష్టమే అనమనేవాడు. మూడోది, సర్కారు ఖర్చుతో లాయర్ని పెట్టమంటావా అంటారు, వద్దనాలి. ఒప్పుకుంటా, నా ఇష్టమే, వద్దు. వేళ్ళు మడిచి రెండుసార్లు అప్పజెప్పించుకుని మరీ లోపలికి పంపేవాడు. చిన్న జరిమానాతో పని అయిపోయేది. మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరేవాళ్ళు. పోతూ పోతూ కొందరు దండం పెట్టేవాళ్ళు.

ఇందుకోసం అతను ఎవరి దగ్గరా టీ కూడా తాగి ఎరగడు. ఆ విషయంలో మాత్రం అతని మాట పూర్తిగా నమ్మవచ్చు. ఇదంతా అతను వాళ్ళ నాయన కోసం చేశాడు. నాయన పోయి అప్పటికి చాలా కాలమైంది.

నాయనకు మేకలుండేవి. అడవిలో పచ్చి చెట్టు నరికాడని ఒకసారి ఆయన మీద కేసు పెట్టారు. ఆయన నరకలేదు. నరకలేదనే కోర్టులో చెప్పాడు. ఆ ఒక్క మాటకు తొమ్మిదేళ్ళు వాయిదాలు తిరిగాడు. సాక్షి రాలేదని ఒక వాయిదా, లాయరు రాలేదని ఒక వాయిదా, జడ్జి బదిలీ అయ్యారని ఒక ఏడాది. వాయిదా ఉన్న రోజు మేకలు దొడ్లోనే ఉండిపోయేవి. ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చివరికి కేసు కొట్టేసిన రోజు ఆయన ఇంటికొచ్చి, గెలిచినాను రా అన్నాడు. దొడ్లో గుంజలు తప్ప ఏమీ లేవు. అప్పుడు మునిరత్నం పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాడు. లేదు అన్న మాట ఎంత ఖరీదైందో ఆ రోజు వాడి బుర్రలోకి ఎక్కింది. తర్వాత అదే కోర్టులో ఉద్యోగం దొరికాక, ఇంకెవరూ మా నాయనలాగా తిరగకూడదు అనుకున్నాడు. మంచి ఉద్దేశమే, కాదనలేం. మంచి ఉద్దేశంతో చేసిన పని కాబట్టే అది తప్పేమోనన్న అనుమానం ఇరవై ఐదేళ్ళ వరకు అతనికి రాలేదు.

ఆరేళ్ళ కిందట అమల వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో వైరు బుట్ట. పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి నిర్మలమ్మ అనే ఆవిడ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచి పోయేది. నిర్మలమ్మ కమ్మలు కనిపించలేదు. ఇంట్లోకి వచ్చిపోయే పైమనిషి ఒక్కతే కాబట్టి అమల మీద కేసు పెట్టారు. కమ్మలు ఆమె దగ్గర దొరకలేదు. ఎక్కడో అమ్మేసిందని పోలీసులు రాసుకున్నారు. ఆ రోజు ఛార్జి వినిపిస్తారని ఆమెను పిలిపించారు. పిల్లను బడికి పంపి ఒంటరిగా వచ్చింది. మొగుడు సూళ్లూరుపేట దగ్గర కంపెనీల్లో లోడింగు పనికి పోయాడు, ఒక పూట పని మానితే రేపటినుంచి రావద్దంటారు.

మునిరత్నం మామూలుగానే పక్కకు చేరాడు, మామూలుగానే వేళ్ళు మడిచాడు. ఆమె మొదటి వేలు దగ్గరే ఆగిపోయింది.

"నేను తియ్యలేదన్నా."

"తీసినావా లేదా అని ఈడెవురూ అడగరమ్మా. ఒప్పుకుంటావా లేదా, అంతే అడిగేది. లేదన్నావంటే ఏండ్ల తరబడి తిరగాల. నీ బిడ్డనెవురు సూస్తారు? ఒప్పుకుంటా అను సాలు, మద్దేన్నం బస్సుకు ఇల్లు జేరతావు."

ఆమె బుట్ట మోచేతికి తగిలించుకుంది. తర్వాత మెల్లగా వేళ్ళు మడిచి మూడు జవాబులూ చెప్పింది. అతను తలూపి, తలుపు దగ్గరికి పోయి నిలబడి, ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. పక్కనే ఉన్న మనిషిని అంత గట్టిగా పిలవనక్కర్లేదు, కానీ అలవాటు.

జడ్జిగారు తన వంతు తప్పేమీ చేయలేదు. నేరం తెలుగులో చదివి వినిపించారు, అడగాల్సినవన్నీ అడిగారు. నీ ఇష్టంతోనేనా అని రెండుసార్లు అడిగారు. ఆమె రెండుసార్లూ నా ఇష్టమే అంది. మునిరత్నం బోను పక్కన నిలబడి, ఎంత బాగా చెప్పిందీ పిల్ల అనుకున్నాడు. ఆ అనుకోవడాన్ని ఇప్పుడు తలుచుకుంటే అతనికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

జరిమానా, దాంతోపాటు కోర్టు లేచేదాకా శిక్ష వేశారు. అంటే జైలుకు పంపరు, ఆ రోజు కోర్టు ముగిసేదాకా లోపలే ఓ మూల కూర్చోవాలి. అమల వెనక బెంచీ మీద బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం బస్సు హారను అందరికీ వినిపించింది. భోజనం వేళ మునిరత్నం ఆమె పక్కగా పోతుంటే, మద్దేన్నం బస్సన్నావే అన్నా అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామని అడిగింది. సాయంత్రం ఇంకో బస్సు ఉందని చెప్పి అతను టిఫిను క్యారియరు విప్పుకోవడానికి పోయాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రానికే ఆమెను మరిచిపోయాడు.

తర్వాత రెండేళ్ళకు నిర్మలమ్మ ఇంట్లో పాత బీరువా రంగు వేయించడానికి బయటికి లాగారు. వెనక చెక్కకూ గోడకూ మధ్య సాలెగూళ్ళలో కమ్మలు పడి ఉన్నాయి. ఈ మాట మునిరత్నం పెళ్ళాం తిరుమలమ్మ పాలకేంద్రం దగ్గర విని వచ్చింది. వచ్చి, అన్నం వడ్డిస్తూ మామూలు కబురులాగా చెప్పింది. మరి నిర్మలమ్మ పోలీసులకు చెప్పిందా అని మునిరత్నం అడిగాడు. ఎందుకు చెబుతుంది అంది తిరుమలమ్మ. కమ్మలు తీయకపోతే ఇంకేదో తీసే ఉంటుంది, లేకపోతే తన నోటితో తనే ఎందుకు ఒప్పుకుంటుంది అని నిర్మలమ్మ అందట. పాలకేంద్రం దగ్గర ఉన్నవాళ్ళంతా అదీ నిజమే అన్నారట.

"ఎవురు సెప్పినారో గానీ ఆ పిల్లకు అట్ట ఒప్పుకోమని, వాళ్ళ నోట్లో మన్ను బడ" అంది తిరుమలమ్మ, మజ్జిగ పోస్తూ.

ఆమెకు తెలియక అన్న మాటే. మునిరత్నం ఆ రాత్రి మజ్జిగన్నం తినలేదు.

మర్నాడు కోర్టుకు పోగానే వాసుదేవ్ గారిని పట్టుకున్నాడు. సర్కారు తరఫున లేనివాళ్ళకు వాదించే లాయరాయన, వైష్ణవులు, నుదుట సన్నటి తిరుమణి గీతతో వస్తారు, ఎవరినీ కసురుకోరు. తను నేర్పిన సంగతి చెప్పకుండా, ఎవరో ముద్దాయి సంగతన్నట్టుగా అడిగాడు. తప్పు చేయనివాళ్ళు తెలియక ఒప్పుకుంటే దాన్ని వెనక్కి తీసుకోవచ్చా అన్నాడు. వాసుదేవ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, తన ఇష్టంతో ఒప్పుకున్నానని జడ్జి ముందర చెప్పాక మామూలు అప్పీలుకు దారి లేదప్పా అన్నారు. శిక్ష ఎక్కువైందని అడగవచ్చు, నేరం చేయలేదని మాత్రం అనలేరు. హైకోర్టుదాకా పోయి పోరాడితే ఏమోగానీ, ఇన్నాళ్ళ తర్వాత, కూలి చేసుకునే మనిషి వల్ల అవుతుందా అన్నారు. ఎవరా ముద్దాయి అని అడిగారు కూడా. తెలిసినవాళ్ళు అని చెప్పి మునిరత్నం తప్పించుకున్నాడు.

ఆ రోజునుంచి వరండాలో ముద్దాయిల పక్కకు చేరడం మానేశాడు. ఎవరైనా తనంతట తనే వచ్చి ఏం చెప్పమంటావన్నా అని అడిగితే, లోపల లాయర్ని అడగమని చెప్పి మొహం తిప్పుకునేవాడు. మునిరత్నానికి పొగరెక్కిందని కొందరు అనుకున్నారు.

అమల ఊరికి పోయి ఆమెను చూడాలని చాలాసార్లు అనుకున్నాడు. పోయి ఏం చెప్పాలో తెలియక పోలేదు. ఆమె సంగతులు మాత్రం ఎవరో ఒకరి నోట వినేవాడు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఆమెను పనికి పిలవడం లేదు. మొగుడు పనిచేసే కంపెనీ క్యాంటీన్లో చేరబోతే, పోలీసు విచారణలో పాత కేసు బయటపడి వద్దన్నారు. చర్చిలో ప్రేమవిందు రోజున ఏటా వంట సాయం చేసే మనిషికి, ఈ ఏడు నువ్వు రాకమ్మా అని పెద్దలు మర్యాదగా చెప్పారట. ఆమె అందరిలాగే వచ్చి వెనక వరసలో కూర్చుని పాటలు పాడి పోతుందట. ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడితే ఏమని పోట్లాడుతుంది, కోర్టులో తన నోటితో తనే చెప్పింది కదా. చివరికి పెళ్ళి మంటపంలో పెద్ద పెద్ద వంట అండాలు తోమే పని దొరికింది. అక్కడ ఎవరికీ ఆమె సంగతి తెలియదు.

నిరుడు ఆ మంటపంలో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పిన్నమ్మ గాజు పోయింది. పోలీసులు వచ్చి పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, మీలో పాత కేసులు ఎవరిమీదన్నా ఉన్నాయా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆధార్ నంబర్లు తీసుకుని పోయారు. మర్నాడు పొద్దున్నే అమల ఇంటికి వచ్చారు.

ఆ కేసులో ఛార్జి వినిపించే రోజు పేర్ల జాబితా చేతికి రాగానే మునిరత్నం అందులో అమల పేరు చూశాడు. కొత్త చట్టాలు వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, జడ్జి మారారు, ఇప్పుడున్నావిడ వచ్చి ఆరు నెలలే అయింది. మొదటి ప్రశ్న మాత్రం అదే. వరండాలో గోడకు ఆనుకుని అమల నిలబడి ఉంది. అదే వైరు బుట్ట. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఈసారి గనక ఒప్పుకుంటే జరిమానాతో పోదు, పాత శిక్ష ఉంది కాబట్టి జైలేనని ముప్పై ఏళ్ళు కోర్టులో బతికినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంది. అదే గోడ దగ్గర, అదే మనిషి పక్కన, మాట్లాడాలా వద్దా అని మునిరత్నం జాబితా తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఈతూరి లేదని సెప్పు. లాయరు కావాలని అడుగు" అన్నాడు.

ఆమె అతన్ని గుర్తుపట్టింది. అతను మరిచిపోయి ఉంటాడనే అనుకుందేమో, ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసింది.

"తీసినావా లేదా అని అడగరన్నావు గదన్నా ఆ పొద్దు" అంది.

లోపల బెంచి క్లర్కు కేసు నంబరు చదివాడు. మునిరత్నం తలుపు దగ్గరికి పోయి అమల పేరు పిలిచాడు. మూడుసార్లు పిలవలేదు, ఒక్కసారే పిలిచాడు. ఆమె లోపలికి వచ్చి బోనులో నిలబడింది. ఏం చెప్పబోతుందో అతనికి తెలియదు. అలవాటుకొద్దీ ఒప్పుకుంటానంటుందేమోనని భయంతో బోను కొయ్య పట్టుకున్నాడు.

జడ్జిగారు నేరం చదివి, అర్థమైందా అమ్మా అని అడిగి, ఒప్పుకుంటారా అన్నారు.

"ఒప్పుకోను మేడమ్. నేను తియ్యలేదు" అంది అమల.

లాయరు కావాలంది. జడ్జిగారు వాసుదేవ్ గారి పేరు రాశారు. మునిరత్నం బోను కొయ్య వదిలాడు. అంతలో సర్కారు వకీలు లేచి, ఈమె మీద పాత దొంగతనం కేసు ఉంది, అందులో తనే ఒప్పుకుంది అని కాగితం అందించబోయారు. అది ఇప్పుడు చూడాల్సింది కాదని జడ్జిగారు వద్దన్నారు. ఆ మాట అక్కడితో పోయేదే. అమలే వదల్లేదు. అప్పుడు కూడా తీయలేదు మేడమ్ అంది.

జడ్జిగారు రాస్తున్న కలం ఆపి తలెత్తారు. మరి ఎందుకు ఒప్పుకున్నారమ్మా అని మెల్లగానే అడిగారు.

"మద్దేన్నం బస్సుకు పోవచ్చని మేడమ్."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అలాగని మీకు ఎవరు చెప్పారు అని అడిగారు జడ్జిగారు. అమల తల తిప్పి మునిరత్నం వైపు చూసింది. వాసుదేవ్ గారు కూడా అతని వైపు చూశారు. నాలుగేళ్ళ కిందట అతను అడిగిన ప్రశ్న ఆయనకు గుర్తొచ్చినట్టే ఉంది.

అప్పుడు మునిరత్నం ఒక మాట అనాల్సింది. నేనే చెప్పినాను మేడమ్, అంతే. టీకొట్టు దాకా వినపడే గొంతుకు అది ఎంత మాట? కానీ రిటైర్మెంటు ఇంక నాలుగు నెలలే ఉంది. ముద్దాయిలకు జవాబులు నేర్పిన అటెండరు మీద విచారణ వేస్తారు, పింఛను ఆగుతుంది, తిరుమలమ్మకు సంగతి తెలుస్తుంది. ఇవన్నీ ఒక్కసారిగా తలలో తిరిగాయి. అతను జాబితా వైపు చూస్తూ నిలబడ్డాడు. తన బతుకులో ఇంతకంటే సిగ్గుపడే క్షణం ఇంకోటి లేదని అతనికి అప్పుడే, అక్కడ నిలబడి ఉండగానే తెలుసు. తెలిసి కూడా నోరు తెరవలేదు.

"ఎవురూ సెప్పలే మేడమ్. నేనే అనుకున్నా" అంది అమల.

జడ్జిగారు మళ్ళీ కలం అందుకున్నారు. సాక్షుల కోసం వచ్చే నెలకు వాయిదా వేశారు.

మునిరత్నం ఆమె వెనకే వరండాలోకి వచ్చాడు. బీరువా వెనక కమ్మలు దొరికిన సంగతి వాసుదేవ్ గారికి తనే చెబుతానన్నాడు. ఆమె సరేనంది. తర్వాత అతను అడగాల్సింది అడిగాడు.

"నా పేరు యాల సెప్పలేదమ్మా?"

అమల బుట్ట చేయి మార్చుకుంది.

"సెప్తే నీకు గూడా వాయిదాలు పడతాయి గదన్నా. ఈ వయసులో యాడ తిరగతావు" అంది.

మధ్యాహ్నం బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు దాటి బస్టాపులో సిమెంటు అరుగు మీద కూర్చుంది. మునిరత్నం చేతిలో జాబితాలో ఇంకా పదకొండు పేర్లున్నాయి. గట్టిగా పిలిస్తే ఆ గొంతు ఆమె దాకా పోతుందని, అన్నిటినీ తలుపు దగ్గరే నిలబడి మెల్లగా పిలిచాడు. ఇద్దరు ముద్దాయిలు టీకొట్లో ఉండి వినపడక ఆలస్యంగా పరిగెత్తుకొచ్చారు. గొంతు పోయిందా మునిరత్నం అని బెంచి క్లర్కు అడిగాడు. పోయింది సార్ అన్నాడు.